రైలు దిగాక మిగిలే మూడు కిలోమీటర్లు

ఇచ్ఛాపురం వైపు నుంచి పొద్దున వచ్చే ప్యాసింజరు ఒడిశాలోని బరంపురం స్టేషన్లో ఆగగానే జనం రెండు రకాలుగా విడిపోతారు. సంచులు, పిల్లలు ఉన్నవాళ్లు నెమ్మదిగా దిగుతారు. చేతిలో టిఫిన్ క్యారియర్ తప్ప ఏమీ లేనివాళ్లు బండి పూర్తిగా ఆగకముందే దూకి బయటికి దారి తీస్తారు. ఈ రెండో రకం డ్యూటీకి వచ్చినవాళ్లు. ఆసుపత్రి ఆయాలు, ల్యాబుల్లో కుర్రాళ్లు, బట్టల షాపుల్లో చీరలు పరిచి చూపించే అమ్మాయిలు, తాపీ పనివాళ్లు. బయట ఆటోవాళ్లు ‘మెడికల్, మెడికల్’ అని అరుస్తుంటారు. ఆ మాటకి ఒడియా, తెలుగు అనే తేడా లేదు. ఆటో నిండేదాకా మాత్రం కదలదు.

పాతిక కిలోమీటర్ల దూరాన్ని రైలు అరగంటకి కాస్త అటూ ఇటూగా దాటించేస్తుంది. ఆటో నిండటం, సందుల్లో ట్రాఫిక్, దిగాక నడక అన్నీ కలిపితే మిగిలిన రెండు మూడు కిలోమీటర్లకే ఇంచుమించు అంత టైం పడుతుంది. డబ్బు లెక్క ఇంకా విచిత్రం. షేర్ ఆటోకి ఒక వైపుకి 20 రూపాయలనుకుందాం. రానూ పోనూ 40, నెలకి 26 రోజులు పనిచేస్తే 1,040. రైలు నెల పాసుకి పెట్టేదానికి ఇది కొన్ని రెట్లు. నెలకి తొమ్మిది వేలు తెచ్చుకునే అమ్మాయికి జీతంలో తొమ్మిదో వంతు ఈ మూడు కిలోమీటర్లకే పోతుంది. బరంపురంలో పని దొరికిందంటే ఇంట్లోవాళ్లు జీతం ఎంతని అడుగుతారు, రైలు ఉందా అని అడుగుతారు. స్టేషన్ నుంచి షాపుకి ఎలా వెళ్తావని మొదటి రోజు ఎవరూ అడగరు. నెల తిరిగేసరికి చాలామంది పని మానేయడానికి కారణమయ్యేది అదే.

అందరూ వాడుకునే సైకిళ్లు, అంటే ఒకచోట అద్దెకి తీసుకుని ఇంకోచోట వదిలేసే బైక్ షేరింగ్ గురించి మాట్లాడాల్సింది ఈ చోట నిలబడే. పారిస్, న్యూయార్క్ ఫొటోలు చూసి మొదలుపెడితే దారి తప్పుతాం.

ఆలోచన కొత్తదేం కాదు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు కుర్రాళ్లు సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా ఊళ్లో వదిలారు. ఎవరికి కావాలంటే వాళ్లు తొక్కుకోవచ్చన్నారు. తాళం లేని సైకిలు వీధిలో ఉండకూడదని పోలీసులు పట్టుకుపోయారు. 1995లో కోపెన్‌హేగన్ నాణెం వేస్తే విడుదలయ్యే సైకిళ్లు పెట్టింది. 1998లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం కార్డు పెట్టింది. ఎవరు తీసుకున్నారో తెలిసే వీలు అప్పుడు వచ్చింది. 2007లో పారిస్ వేల సైకిళ్లతో వెలిబ్ మొదలుపెట్టాక ప్రపంచమంతా దాని వెంట పడింది. మరుసటి ఏడాది చైనాలోని హాంగ్‌జౌ మొదలుపెట్టింది, తర్వాత అది పారిస్‌ని మించిపోయింది. అక్కడ మొదటి గంట ఉచితం. బస్సు కార్డే సైకిలుకీ పనికొస్తుంది.

మన ఊళ్లలో ఇదే పని ఏ యాప్ లేకుండా అద్దె సైకిలు షాపు చేసేది. గంటకి ఇంతని రేటు, ఒక రూళ్ల పుస్తకం, అందులో పేరు, తీసుకున్న టైం. షాపువాడికి మీ నాన్న తెలిస్తే చాలు, డిపాజిట్ అక్కర్లేదు. బరంపురం పాతబస్తీ నుంచి పర్లాకిమిడి దాకా ఆ షాపుల్లోని డొక్కు సైకిళ్ల మీదే తొక్కడం నేర్చుకున్న తరం ఇంకా ఉంది. బైక్ షేరింగ్ అంటే ఆ షాపుకి తాళం, జీపీఎస్, ఫోను తగిలించడమే. షాపువాడు ముఖం చూసి నమ్మేవాడు, ఇప్పుడు ఆ పని ఫోను నంబరు చేస్తుంది. ఈ తేడా ఎవరికి ఇబ్బందో తర్వాత చూద్దాం.

సైకిలుకీ ఉద్యోగానికీ ఉన్న సంబంధం చిన్న లెక్కతో తెలుస్తుంది. మనిషి గంటకి ఐదు కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే 20 నిమిషాల్లో కిలోమీటరున్నర పైచిలుకు వెళ్తాడు. సైకిలు మీద, తొందర లేకుండా తొక్కినా, గంటకి 12 కిలోమీటర్లు. అదే 20 నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లు. వేగం రెండున్నర రెట్లు పెరిగింది కదా, చేరగలిగే పనులు కూడా రెండున్నర రెట్లే అనిపిస్తుంది. కాదు. పని ఒక గీత మీద ఉండదు, చుట్టూ ఉంటుంది. నడిచేవాడి చుట్టూ వలయం గీస్తే దాదాపు తొమ్మిది చదరపు కిలోమీటర్లు. సైకిలువాడి వలయం యాభై. ఇంచుమించు ఆరు రెట్లు. 2011 జనగణన నాటికి 3.56 లక్షల జనాభా ఉన్న బరంపురం లాంటి ఊళ్లో, స్టేషన్ దగ్గర నిలబడి నాలుగు కిలోమీటర్ల వలయం గీస్తే ఊళ్లోని షాపులు, ఆసుపత్రులు, కోర్టు, కాలేజీల్లో చాలా భాగం అందులో పడిపోతాయి. రోడ్లు వంకరటింకరగా ఉంటాయి, రైలు గేటు పడుతుంది, లెక్క కాస్త తగ్గుతుంది. తగ్గినా నడకకీ దీనికీ పోలిక లేదు.

పట్టణ రవాణా మీద పనిచేసేవాళ్లు ‘ఉద్యోగాల చేరువ’ అనేది దీన్నే. ఫలానా ఇంటి నుంచి అరగంటలో, ముప్పావు గంటలో ఎన్ని ఉద్యోగాలకి చేరుకోగలం అన్నది కొలత. పేదరికానికీ దూరానికీ ఉన్న ముడి మీద అమెరికాలో జాన్ కేన్ అనే ఆర్థికవేత్త 1968లో రాసిన వ్యాసం దగ్గర ఈ చర్చ గట్టిగా మొదలైంది. పనులు ఊరి చివరలకు పోయాయి, పేద నల్లజాతివాళ్లు పాత ఊళ్లో మిగిలిపోయారు, మధ్యలో దూరం వాళ్ల ఉద్యోగాలను మింగేసింది అన్నది ఆయన వాదన. మన దగ్గర పోలిక అచ్చంగా కుదరదు. ఇక్కడ పేదవాడు పనికి దగ్గరగా ఏ గుడిసెలోనో ఇరుక్కుని ఉంటాడు, ఎందుకంటే ప్రయాణానికి డబ్బు లేదు. 2011 జనగణనలో పనికి ఎలా వెళ్తారని దేశంలో మొదటిసారి అడిగారు. సేద్యం, ఇంటి పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో నడిచి, సైకిలు మీద వెళ్లేవాళ్లిద్దరినీ కలిపితే మూడో వంతుకి పైనే తేలారు. ఇది సైకిళ్ల మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. జేబు ఎంత దూరం వెళ్లనిస్తే అంత దూరంలోనే పని వెతుక్కున్నారని దీని అర్థం.

సైకిళ్లు పెట్టినందువల్లే ఫలానా ఊళ్లో ఇన్ని ఉద్యోగాలు పెరిగాయని నేరుగా తేల్చడం కష్టం. తేలినదంతా ఎక్కువగా చేరువ గురించి, ఏ ప్రయాణం బదులు ఈ ప్రయాణం జరిగిందన్న దాని గురించి. అందులో కొన్ని ఫలితాలు సైకిలు అభిమానులకి మింగుడుపడవు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం లండన్‌ను ఆస్ట్రేలియా, అమెరికా నగరాలతో పోల్చింది. మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో షేర్ సైకిలు ప్రయాణాల్లో దాదాపు ఐదో వంతు కారు బదులు జరిగినవి. లండన్‌లో ఆ లెక్క 2 శాతం దగ్గరే ఆగింది. మిగతావాళ్లు అంతకుముందు నడిచేవాళ్లు, బస్సో మెట్రోనో ఎక్కేవాళ్లు. పైగా ఖాళీ అయిన స్టాండుకి సైకిళ్లు మోసే లారీలు తిరిగిన దూరం, తగ్గిన కార్ల దూరం కంటే ఎక్కువ తేలింది.

ఆ లారీల సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఈ వ్యాపారం మునిగేది చాలాసార్లు అక్కడే. పొద్దున అందరూ ఇళ్ల నుంచి ఆఫీసుల వైపు వెళ్తారు. తొమ్మిదిన్నరకి ఇళ్ల దగ్గర స్టాండులో ఒక్క సైకిలు ఉండదు, ఆఫీసుల దగ్గర పెట్టడానికి చోటుండదు. సాయంత్రం ఇది తిరగబడుతుంది. పారిస్‌లో ఇంకో తంటా. జనం గుట్ట మీద నుంచి కిందికి హాయిగా జారుకుంటూ వస్తారు, పైకి మాత్రం మెట్రోలో పోతారు. గుట్ట మీది స్టాండుకి సైకిలు చేర్చినవాళ్లకి అదనపు నిమిషాలు బహుమతిగా ఇచ్చినా ఆ లారీలు ఆగలేదు. తొక్కినవాడు కట్టే అద్దె ఈ మోతకి చాలదు. ప్రకటనల డబ్బో, బ్యాంకు స్పాన్సరో, మునిసిపాలిటీయో పూడ్చాలి. మూడూ లేనిచోట సైకిళ్లు తుప్పు పడతాయి.

ఒడిశా దీన్ని దగ్గర నుంచే చూసింది. 2018 నవంబరులో, హాకీ ప్రపంచ కప్పు మొదలయ్యే ముందు, భువనేశ్వర్‌లో ‘మో సైకిల్’ వచ్చింది. ‘మో’ అంటే ‘నా’ అని. మూడు కంపెనీలు కలిసి దాదాపు రెండు వేల సైకిళ్లు దింపాయి. అదే నెలలో, ఈ సైకిళ్ల పథకం చూసిన ప్రభుత్వ రవాణా సంస్థ కిందే సిటీ బస్సులు కూడా కొత్త హంగుతో రోడ్డెక్కాయి. బస్సులు పాతుకుపోయి ఇతర ఊళ్లకీ పాకాయి. సైకిళ్లు కొన్నేళ్లకే మూలనపడ్డాయి. మధ్యలో కరోనా వచ్చిన మాట నిజమే కానీ తప్పంతా కరోనాది కాదు.

అసలు కారణం ఇంటి ముందే కనిపిస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లలో సైకిలుంది. ఒడిశాలో 70 శాతం పైచిలుకు ఇళ్లలో ఉంది. పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ తర్వాత వరసలో నిలిచేది ఈ రాష్ట్రమే. ఇంట్లో గోడకి సైకిలు ఆనించి ఉన్నవాడు వీధి చివర స్టాండుకి నడిచి, ఫోను తీసి, కోడ్ స్కాన్ చేసి, అద్దె కట్టి ఇంకో సైకిలు ఎందుకు తీసుకుంటాడు? ఎవరి దగ్గరా సైకిలు లేని నగరాల కోసం తయారైన పథకాన్ని, అందరి దగ్గరా సైకిలున్న రాష్ట్రంలో ఇంటి దగ్గర పెట్టారు.

ఇలాంటి దేశం ఇంకొకటుంది. నెదర్లాండ్స్‌లో మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ. అక్కడ పారిస్ తరహా స్టాండ్లు పెద్దగా అంటుకోలేదు. అంటుకున్నది ఓవీ-ఫీట్స్ అనే రైల్వే సైకిలు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో మొదలై ఇప్పుడు చాలా స్టేషన్లకి పాకింది. దాని తర్కం తేలిక. పొద్దున ఇంటి నుంచి స్టేషన్ దాకా సొంత సైకిలుంది, దాన్ని రైల్లో ఎక్కించలేం. దిగిన ఊళ్లో ఆఫీసు దాకా సైకిలు లేదు. కాబట్టి దిగిన స్టేషన్లోనే అద్దెకి ఇస్తారు. గంటల లెక్క లేదు, ఒక రోజు అద్దె. సాయంత్రం మళ్లీ అదే స్టేషన్లో ఇచ్చేసి రైలెక్కాలి. తీసుకున్నచోటే తిరిగి వస్తుంది గనుక లారీలో మోసే పని దాదాపు ఉండదు. ప్రయాణానికి రెండు కొసలుంటే, సైకిలు అవసరమైంది రెండో కొసలో.

బరంపురం స్టేషన్లో దిగే ఆ టిఫిన్ క్యారియర్ మనిషిది సరిగ్గా ఇదే పరిస్థితి. ఇచ్ఛాపురం, సోంపేటల్లో ఇంటి దగ్గర సైకిలుంది. స్టేషన్ స్టాండులో పెట్టి వస్తాడు. బరంపురంలో లేదు. కాస్త తెలివైనవాళ్లు ఎప్పుడో దీనికి సొంత పరిష్కారం కనిపెట్టుకున్నారు. ఒక పాత సైకిలు కొని బరంపురం వైపు స్టాండులో రాత్రిళ్లు వదిలేస్తారు, నెలకి ఇంతని కడతారు. చైను ఊడిపోయే, బెల్లు లేని ఆ సైకిళ్ల వరస స్టాండులో ఒక మూల ఉంటుంది. పొద్దున వాటి మీద పది పదిహేను నిమిషాలు, సాయంత్రం ఇంకో పదిహేను. మిగతా ఇరవై మూడున్నర గంటలు అవి ఊరికే నిలబడే ఉంటాయి. రెండో సైకిలుకి పెట్టుబడి పెట్టలేని కొత్త మనిషికి, పని నిలుస్తుందో లేదో తెలియని మొదటి నెలలో, పక్కనే నిలబడి ఉన్న ఇరవై సైకిళ్లలో ఒకటీ పనికిరాదు.

అంటే బైక్ షేరింగ్‌కి ఇక్కడ పోటీ ఆటోతో మాత్రమే కాదు, ఈ రెండో సైకిలుతో కూడా. ఆరేడు వేలు పెట్టి కొత్త సైకిలు కొంటే ఆటో డబ్బుతో పోల్చి ఏడు నెలల్లో తిరిగొస్తుంది. కాబట్టి రోజు అద్దె పది రూపాయల దగ్గర లేకపోతే ఎవరూ ఆ వైపు కూడా చూడరు. పది రూపాయలంటే నెలకి 260. ఆటో ఖర్చులో నాలుగో వంతు. సైకిలువైపు నుంచి చూస్తే, రోజుకి ఒక్క మనిషే తొక్కితే ఆ పది రూపాయలతో పంక్చర్లు, బ్రేకు రబ్బర్లు, స్టాండు మనిషి జీతం గడవడం కష్టం. ఒకే సైకిలు రోజుకి ముగ్గుర్ని మోస్తే గడుస్తుంది.

ముగ్గురూ ఒకే వైపు వెళ్లేవాళ్లయితే కుదరదు. ఒకరు వచ్చే టైంకి ఇంకొకరు వెళ్లాలి. బట్టల షాపులు, కోర్టు, బ్యాంకుల దగ్గర ఇది జరగదు. అందరూ పొద్దున వచ్చి సాయంత్రం పోతారు. మూడు షిఫ్టులు నడిచేచోట మాత్రం దానంతటదే జరుగుతుంది. బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రినే తీసుకోండి. దక్షిణ ఒడిశా మొత్తానికి అదే పెద్ద దిక్కు, శ్రీకాకుళం సరిహద్దు ఊళ్ల రోగులు కూడా అక్కడికే వస్తారు. ఆయాలు, వార్డు బాయ్‌లు, సెక్యూరిటీవాళ్లు షిఫ్టుల్లో మారుతుంటారు. మధ్యాహ్నం డ్యూటీకి రైలు దిగినవాళ్లు స్టేషన్ నుంచి తొక్కుకుంటూ వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర వదిలిన సైకిళ్లనే, పొద్దుటి డ్యూటీ దిగినవాళ్లు స్టేషన్ వైపు తొక్కుకుంటూ పోతారు. లారీ అక్కర్లేదు. షిఫ్టు గంటే లారీ పని చేస్తుంది.

రాయగడ పక్కన జేకే పూర్ పేపరు మిల్లుకీ ఇదే లెక్క. రాయగడ ఊళ్లో తెలుగు ఎంత వినిపిస్తుందో మిల్లు గేటు దగ్గరా అంతే వినిపిస్తుంది. మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో పేపరు మిల్లు, చుట్టూ బొగ్గు గనులు, తరాలుగా స్థిరపడిన తెలుగు కార్మికుల బస్తీలు. కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చే బండి బల్లార్షాలో ఆగుతుంది. సైరన్ కూత మీద నడిచే ఊళ్లివి. మధ్యాహ్నం రెండింటికి ఒక గేటు నుంచి ఎంతమంది లోపలికి పోతారో దాదాపు అంతమంది బయటికి వస్తారు. పర్యాటకుల కోసం చెరువు గట్టు మీద, పార్కు ముందు సైకిళ్లు పెట్టడం మునిసిపాలిటీలకి ఇష్టం. ఫొటో బాగుంటుంది. మిల్లు గేటు ముందు ఫొటో బాగోదు, సైకిలు మాత్రం రోజుకి మూడుసార్లు తిరుగుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. రాత్రి పదింటికి దిగే షిఫ్టు ఆడవాళ్లు చీకటి రోడ్డు మీద సైకిలు తొక్కరు. తొక్కమని చెప్పడం కూడా తప్పు. మూడో మార్పిడి సగమే జరుగుతుంది. అప్పుడు పొద్దునకి ఆసుపత్రి దగ్గర కొన్ని సైకిళ్లు ఎక్కువ, స్టేషన్ దగ్గర తక్కువ. వాటిని ఒక రిక్షా బండి మీద వేసి తెచ్చుకోవచ్చు. లండన్ లారీలతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. పని దూరమైతే మొదట మానేసేది ఆడవాళ్లే. మగవాడు ఎవరి బండి వెనకైనా ఎక్కి పోతాడు. ఆడమనిషికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. సైకిలు చేతికొస్తే ఏమవుతుందో బిహార్‌లో గట్టిగా కొలిచారు. 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లకి డబ్బిచ్చారు. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో, ఆ వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని తేలింది. బడి కొంచెం దూరంగా ఉన్న ఊళ్లలో ఆ ఫలితం ఎక్కువ కనిపించింది. సైకిలు పనిచేసేది సరిగ్గా ఆ దూరం దగ్గరే, నడవడానికి ఎక్కువ, బస్సు వేయడానికి తక్కువ. ఒడిశాలోనూ హైస్కూలు పిల్లలకి సైకిళ్లు ఇచ్చే పథకం ఏళ్లుగా ఉంది. అంటే ఇప్పుడు పాతికేళ్లు ఉన్న అమ్మాయికి తొక్కడం వచ్చు. పెళ్లయ్యాక ఆ సైకిలు తమ్ముడికి పోయింది, అంతే. షేర్ సైకిళ్లకి నడిమి కడ్డీ ఉండదు, సీటు పైకీ కిందికీ జరుగుతుంది, ముందు బుట్ట ఉంటుంది. చీర కట్టుకున్నా చుడీదార్ వేసుకున్నా ఇబ్బంది లేదు. సైకిలు మంచిదే. ఇబ్బంది దాన్ని తీసుకునే దగ్గర మొదలవుతుంది.

యాప్, ఫోన్ పే, డిపాజిట్. మూడూ చిన్న మాటల్లా ఉంటాయి. ఇంటికి ఒకటే మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో చెప్పక్కర్లేదు. డిపాజిట్ ఇంకా పెద్ద అడ్డం. చైనాలో ఓఫో అనే కంపెనీ ఒక్కొక్కరి దగ్గర 199 యువాన్ల దాకా డిపాజిట్ కట్టించుకుని, 2018 చివరికి కూలబడింది. డబ్బు వెనక్కి ఇమ్మని కోటి మందికి పైగా క్యూలో నిలబడ్డారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా దీనికి విరుగుడు చూపించింది. 2015లో ఇండిగో పేరుతో సైకిళ్లు మొదలుపెట్టినప్పుడే బ్యాంకు కార్డు లేనివాళ్లు షాపులో నగదు కట్టే ఏర్పాటు చేశారు. తర్వాత ప్రభుత్వ ఆహార సాయం పొందే కుటుంబాలకి నెలకి 5 డాలర్ల పాస్ ఇచ్చారు. మన దగ్గర దీనికి యాప్ వెతుక్కోనక్కర్లేదు. స్టేషన్ స్టాండులో కూర్చునే మనిషికి ఐదొందల మంది ముఖాలు తెలుసు. నెల డబ్బు చేతికి తీసుకుని, రైలు పాసు నంబరు పుస్తకంలో రాసుకుని, ఒక టోకెన్ ఇస్తే సరిపోతుంది. పాత అద్దె సైకిలు షాపు పద్ధతే ఇది.

భాష కూడా ఒక చిన్న గమ్మత్తు చేస్తుంది. బరంపురంలో మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం ఒడియాలో. రోజూ ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లు ఒడియా మాట్లాడగలరు, చదవడం తెలుగులో. అదే మాట, రెండు లిపులు. రెండింటిలో ఏ ఒక్కదాంట్లో బోర్డు పెట్టినా సగంమందికి అది బొమ్మే. ఇంగ్లీషులో పెడితే ఇద్దరికీ బొమ్మ.

సరిహద్దు అసలు దెబ్బ కొట్టేది ఇంకోచోట. ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్రలోని పాతపట్నం పక్కపక్కన ఉన్న ఊళ్లు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు రెండూళ్లనీ కలిపింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మధ్యలో గీత పడింది. గీత పడ్డా పని మారలేదు. పాతపట్నంలో ఇల్లు, పర్లాకిమిడిలో షాపు. లేదా అటుది ఇటు. సైకిలుకి ఇంతకంటే అనువైన దూరం ఉండదు. బైక్ షేరింగ్ ఒప్పందం మాత్రం చాలాసార్లు ఒక మునిసిపాలిటీతో జరుగుతుంది, సైకిలు తాళంలోని జీపీఎస్‌కి ఆ మునిసిపాలిటీ హద్దే హద్దు. హద్దు దాటి తాళం వేస్తే జరిమానా పడేలా పెట్టడం మామూలు. ఇక్కడ అలా పెడితే రోజువారీ ప్రయాణాల్లో మంచి భాగం జరిమానా ప్రయాణాలే అవుతాయి. రెండు రాష్ట్రాల అధికారులు ఒక సైకిలు స్టాండు కోసం ఫైలు కదుపుతారని ఆశించడం అత్యాశ. రైల్వేకి ఆ గీత లేదు. రెండు స్టేషన్లూ ఒకే లైను మీద వరసగా ఉన్నాయి. సైకిలు స్టాండు కాంట్రాక్టు ఇచ్చేది రైల్వేనే. ఇక్కడ మునిసిపాలిటీ కంటే రైల్వే స్టాండే మంచి దారి అనడానికి ఇది గట్టి కారణం.

ఉద్యోగానికి చేర్చే సైకిలు ఒకటైతే, సైకిలే ఉద్యోగం అయిన సంగతి ఇంకొకటి. బెంగళూరులో 2018 ప్రాంతంలో మామూలు జనం కోసం మొదలైన యులు కంపెనీ ఎలక్ట్రిక్ బండ్లు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది డెలివరీ కుర్రాళ్ల కింద. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నడిపేవాడికి లైసెన్సూ అక్కర్లేదు. ‘సొంత బండి, లైసెన్సు ఉన్నవారికి మాత్రమే’ అన్న షరతు దగ్గర ఆగిపోయే కుర్రాడికి ఇది తలుపు తెరుస్తుంది. రోజు సంపాదనలోంచి బండి అద్దె ముందే కోసుకుంటారు, వాన పడ్డా ఆర్డర్లు రాకపోయినా అద్దె ఆగదు. తలుపు తెరిచిందనీ అనొచ్చు, గుమ్మం దగ్గర టోలు పెట్టారనీ అనొచ్చు. బరంపురం లాంటి ఊళ్లో ఆర్డర్లు ఆ అద్దెను మోసేంత చిక్కగా ఉంటాయా అన్నది ఎవరైనా లెక్కపెట్టి చూశాకే బండ్లు దింపాలి.

మే నెల ఎండలో, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పు గాలిలో, మధ్యాహ్నం షిఫ్టుకి మూడు కిలోమీటర్లు తొక్కి చెమటతో తడిసి వార్డులో అడుగుపెట్టడం మాటలు చెప్పినంత తేలిక కాదు. ఆ ఉప్పు గాలికే చైనులు, రిమ్ములు తొందరగా తుప్పు పడతాయి. రెండేళ్లకోసారి ఠకురాణి యాత్ర జరిగే నెలరోజులు పాతబస్తీ వీధుల్లో సైకిలు తోసుకుంటూ పోవాల్సిందే. గోపాల్‌పూర్ దగ్గరి పారిశ్రామిక పార్కు, లౌడిగాం దగ్గరి ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ లాంటివి నాలుగు కిలోమీటర్ల వలయానికి చాలా అవతల. వాటికి బస్సే కావాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి రైలెక్కేవాడిని ఏ సైకిలూ ఆపలేదు. ఇక్కడ లేని పనికి చేరువ అనే మాటే లేదు.

బైక్ షేరింగ్ టెండర్లలో మామూలుగా రెండు అంకెలు అడుగుతారు. ఎన్ని సైకిళ్లు, ఒక్కో సైకిలు మీద రోజుకి ఎన్ని ప్రయాణాలు. ఆదివారం పార్కు చుట్టూ పిల్లలు పది రౌండ్లు కొట్టినా రెండో అంకె బాగానే పెరుగుతుంది. మధ్యాహ్నం రెండున్నరకి, డ్యూటీ దిగి సాయంత్రం బండి అందుకోవాలనుకునే ఆయా ఆసుపత్రి గేటు దగ్గరకి వచ్చేసరికి అక్కడ గాలి ఉన్న సైకిలు ఒకటైనా ఉందా లేదా అన్నది ఆ రెండంకెల్లోనూ కనిపించదు. లేకపోతే ఆమె మళ్లీ ఆటో ఎక్కుతుంది. అది నిండేదాకా కదలదు.